అక్కడ గుర్తుపెట్టుకోకూడదు

షెఫీల్డులో నవంబరు.
నాలుగింటికే వీధి దీపాలు.
అద్దె గది కిటికీ కింద డాన్ నది
ఇనుము కడిగిన నీళ్ల రంగులో పోతోంది.

బల్ల మీద అరచేయంత బోర్డు.
దానికి కెర్నెల్ రాస్తున్నాను.
వంతెన కింద నీటిమట్టం అడిగి చెప్పడం,
అంతకు మించి దానికే పనీ లేదు.

డేటాషీటు నూట పద్నాలుగో పేజీలో
ఒక అడ్రసుంది:
మూడు, ఎఫ్, రెండు, ఆపైన సున్నాలే సున్నాలు.
అడ్రసే గాని అక్కడ ఇల్లు లేదు.
మెమరీ అనుకుని ఒకటి రాస్తే దాచుకోదు,
ఎక్కడో ఎర్రదీపం వెలుగుతుంది.
చదివితే నువ్వు రాసింది తిరిగి రాదు,
నది వస్తుంది.

దాని పక్కింటి రిజిస్టరు మరీ విచిత్రం.
చూశావా, చూసినంతనే చెరిగిపోతుంది.
మళ్లీ అడిగితే ఏమీ ఎరగనట్టు మొహం పెడుతుంది.
మా రుక్కత్తయ్య కూడా అంతే,
ఏ కబురైనా ఒక్కసారే చెప్పేది.

కెర్నెల్‌కి ఆ పేట తెలీదు.
పేజీ టేబుల్లో ఒక వరుస రాయాలి,
పైనున్న ఈ ఉత్తుత్తి వీధికి
కిందనున్న ఆ నిజం గుమ్మం అని.
నాలుగువేల తొంభై ఆరు బైట్లు
గట్టు కొలిచినట్టు కొలిచి రాశాను.
నిన్నటిదాకా ముట్టుకుంటే కూలబడిపోయేది
ఇవాళ ఆరింటికి నోరు విప్పింది:
నలభై రెండు సెంటీమీటర్లు.
ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకుని
చల్లారిన టోస్టు తిన్నాను.

రాత్రికి వాన.
తొమ్మిదికి నలభై రెండు.
పదికి నలభై రెండు.
పెనైన్ కొండలు దిగొచ్చిన వాన
గాజు మీద గుప్పిళ్లతో గుద్దుతుంటే
పదకొండుకీ నలభై రెండే.
ఎంత నెమ్మదైన నది అనుకున్నాను,
నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఫోను మోగింది. డెన్జిల్ ఆక్రాయిడ్.
ముప్పై ఏళ్లుగా ఆ వంతెన కొలబద్దను
కళ్లతో చూసి పుస్తకంలో ఎక్కించే మనిషి.
నా బోర్డు రాబోయేది ఆయన చోటులోకే.
"నీ యంత్రం ఏమంటోంది?"
"నలభై రెండు."
కాసేపు అవతల నీళ్ల చప్పుడే.
"ఇక్కడ నూట పది. నా బూట్లు తడిశాయి."

అప్పుడు కనపడింది ఆ వరుస చివర
నేను పెట్టని ఒక్క బిట్టు.
ఆ పేజీని మామూలు మెమరీ అనుకుని
ప్రాసెసర్ మొదటి జవాబును
కొంగున ముడేసుకుంది.
అడిగిన ప్రతిసారీ నది దాకా వెళ్లకుండా
ముడి విప్పి అదే చూపించింది.
అబద్ధం కాదది.
సాయంత్రం ఆరింటి నిజం.

నా కొంగునా ఒకటుంది.
జూలైలో మొదటి మీటింగు.
నా పేరు మూడుసార్లు ఖూనీ చేసి
బోర్డు వైపు చూడకుండా టీ తాగిన మనిషి.
ఆ తర్వాత నాలుగు నెలలు
ఆక్రాయిడ్‌ని నేను మళ్లీ చదవలేదు.

బిట్టు మార్చాను.
పాత దారులన్నీ తుడిచేశాను.
ఇది పరికరం, దీన్ని గుర్తుపెట్టుకోకు.
ప్రతిసారీ నడిచి వెళ్లి అడుగు.
చెప్పిన మాట అటు చేరిందాకా
ఇంకో మాట ఎత్తకు.

నూట పద్దెనిమిది, అంది బోర్డు.
ఫోన్లో చదివి వినిపించాను.
"ఉండు" అన్నాడు.
తడి మెట్ల మీద బూట్లు, గాలి,
టార్చి కాబోలు దేనికో తగిలిన చప్పుడు.
"నూట పంతొమ్మిది. ఒక నిమిషం వెనకున్నావు.
పరవాలేదు, హేమవటీ."

హైమవతి.
నాలుగక్షరాల్లో రెండు కుదిరాయి.
జూలైలో ఒక్కటే.